చైన్ అరిగిందా, పళ్ళు అరిగాయా? దూరాలు తిరిగిన గేర్ సైకిల్‌లో లోపం పట్టే పద్ధతి

వేల కిలోమీటర్లు తిరిగిన సైకిల్ గేర్లలో జారడం మొదలుపెడితే చాలామంది నేరుగా కొత్త చైన్ కొనేస్తారు. అరిగిపోయిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే, అంతవరకు ఎలాగోలా నడిచిన బండి ఆ క్షణం నుంచి అసలు నడవదు. అందుకని ఏది అరిగింది, ఎంత అరిగింది, ఏ ఊళ్ళో ఉండగా మార్చాలి అన్న మూడూ తేల్చుకున్నాకే పానా పట్టుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో ఈ మూడో ప్రశ్నే పెద్దది. పంక్చరు వేసే షాపు చిన్న ఊళ్ళో కూడా ఉంటుంది. మీ బండికి సరిపోయే 9 స్పీడ్ క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే తొమ్మిది పళ్ళచక్రాల గుత్తి) మాత్రం విశాఖపట్నం నుంచి తెచ్చుకోవాల్సి రావచ్చు, లేదంటే పార్సిల్ కోసం ఆగాలి.

లక్షణం ఏదైనా ముందు స్కేలు

చైన్ సాగింది అంటాం గానీ, ఇనుప పలకలు సాగవు. ప్రతి కీలులో పిన్ను, దాని చుట్టూ తిరిగే లోపలి పలక అంచు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కో కీలులో వచ్చే వదులు కంటికి కనపడదు. అలాంటివి నూటపది కీళ్ళు కలిసేసరికి చైన్ పొడవు పెరుగుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం కొత్తదానిలో 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. పళ్ళు కూడా అదే లెక్కకు కోసి ఉంటాయి. చైన్ లెక్క తప్పగానే రోలర్లు (పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాలు) పళ్ళ అడుగున కూర్చోకుండా పైకి ఎక్కుతాయి. అప్పుడు బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడి వాటిని కొక్కెంలా మలుస్తుంది. అంటే అరిగిన చైన్ తనతో పాటు పళ్ళనూ తినేస్తుంది.

కొలవడానికి అంగుళాల గుర్తులున్న స్టీలు స్కేలు చాలు. వెనక బ్రేకు పట్టి పెడల్ మీద కొంచెం బరువు వేస్తే పై వరస చైన్ బిగుస్తుంది. ఒక పిన్ను ఎడమ అంచు దగ్గర సున్నా పెట్టి, 12 అంగుళాల దగ్గర ఉండే పిన్ను ఎడమ అంచు ఎక్కడ పడిందో చూడండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా గీత మీద, అంటే 304.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 306.3 దగ్గరుంటే అర శాతం, 307.1 అయితే ముప్పావు శాతం, 307.8 అయితే ఒక శాతం అరిగినట్టు. అంగుళాల్లో చూసేవాళ్ళకు ఇంకా తేలిక: గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే అర శాతం, ఎనిమిదో వంతు పోతే ఒక శాతం. వడ్రంగి టేపుతో కొలిస్తే కొస కొక్కెం కదులుతుంటుంది కాబట్టి 1 దగ్గర మొదలుపెట్టి 13 దగ్గర చూడాలి. ఒక్కచోట కొలిచి వదలకండి. చైన్ అంతటా ఒకేలా అరగదు. మూడు నాలుగు చోట్ల కొలిచి ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి.

11, 12 స్పీడ్ చైన్ అర శాతం దగ్గరే మార్చాలి. 8, 9, 10 స్పీడ్ వాటిని ముప్పావు శాతం దాకా వాడుకోవచ్చు. ఈ లోపల మారిస్తే క్యాసెట్ మిగులుతుంది. ఒక శాతం దాటితే చైన్ ఒక్కదానితో పోదు, క్యాసెట్ కూడా లెక్కలోకి వస్తుంది. చైన్ సందులో దూర్చి చూసే చిన్న గేజీలు మార్కెట్లో దొరుకుతాయి. వాటిలో చాలావరకు రోలర్ల వదులును కూడా కలిపేసి అరుగుదల ఎక్కువ చూపిస్తాయి. రోలర్ వదులైతే పళ్ళకు పెద్ద నష్టం లేదు. చైన్ మార్చాలని గేజీ చూపిస్తే ఒకసారి స్కేలుతో సరిచూసుకోండి.

గట్టిగా తొక్కితే టక్కుమని జారుతోంది

ఎక్కువమందికి వచ్చే సమస్య ఇదే, తప్పుగా వైద్యం జరిగేదీ దీనికే. ఎన్ని తిరుగుళ్ళకు ఒకసారి జారుతోందో లెక్కపెడితే సగం రోగం దొరికిపోతుంది.

ముందు, పెడళ్ళ దగ్గర, 44 పళ్ళ చైన్‌వీల్, 110 లింకుల చైన్ ఉంటే, చైన్ ఒక చుట్టు పూర్తవడానికి పెడల్ రెండున్నర సార్లు తిరగాలి. ముందు 32 పళ్ళయితే దాదాపు మూడున్నర, 22 పళ్ళయితే సరిగ్గా అయిదు. ఈ లెక్కకు తాళం తప్పకుండా టక్కుమంటే అది బిగుసుకుపోయిన లింకు. పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే పరికరం) కింది చక్రం దగ్గర చూడండి. వంపు తిరిగాక నిటారుగా కాకుండా వంకరగా వచ్చే లింకు కనిపిస్తుంది. ఆ లింకును రెండు చేతుల బొటనవేళ్ళతో పక్కలకు వంచి వదిలితే పిన్ను దగ్గర బిగువు విడుతుంది. తర్వాత ఒక చుక్క ఆయిల్. తుప్పు వల్ల బిగుసుకుంటే ఇది రెండు మూడు రోజులే పనిచేస్తుంది. అలాంటి లింకులు మూడు నాలుగు కనిపిస్తే ఆ చైన్ మీద ఆశ వదులుకోవడం మేలు.

పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒకే చోట టక్కుమంటే ముందు చైన్‌వీల్‌లో వంగిన పన్ను, వదులైన క్రాంక్ (పెడల్‌ను ఇరుసుకు కలిపే చెయ్యి), లేదా పెడల్ బేరింగు. క్రాంకులు రెండూ పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపండి. ఒక్కటే కదిలితే దాని బోల్టు వదులు. రెండూ కలిసి కదిలితే మధ్య బేరింగు అరిగింది. చతురస్రపు ఇరుసున్న క్రాంకు బోల్టు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగువుండాలి. వదులుగా ఉంచి తొక్కితే అల్యూమినియం రంధ్రం చెదిరి క్రాంకే పారేయాల్సి వస్తుంది. ఇది కనిపిస్తే అక్కడికక్కడే దిగి బిగించండి, ఊరు వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

తాళం లేకుండా, బరువు వేసినప్పుడే, అదీ ఒకటి రెండు గేర్లలోనే జారితే ఆ పళ్ళచక్రాలు అరిగాయి. సామాను వేసుకుని జాతీయ రహదారి మీద రోజుల తరబడి ఒకే గేరులో తొక్కేవారికి వెనక 14, 15, 17 పళ్ళ చక్రాలు ముందు పోతాయి. 11, 12 వాడకం తక్కువైనా, పళ్ళు కొద్దే కాబట్టి ఒక్కోదాని మీద పడే పని ఎక్కువ. 28, 32 పళ్ళవి ఘాటీల్లో మాత్రమే వాడతారు గనుక అన్నిటికన్నా చివర అరుగుతాయి.

అన్ని గేర్లలోనూ, మెల్లగా తొక్కినా టకటకమంటే అది అరుగుదల కాకపోవచ్చు. గేరు తీగ వదులయ్యో, దాని గొట్టంలో మట్టి చేరో ఉంటుంది. డిరైలర్ దగ్గరి తిప్పుడు మరను పావు తిప్పు చొప్పున బయటికి తిప్పుతూ చూడండి. బస్సు టాపు మీదో రైలు బ్రేక్ వ్యానులోనో వేసి తెచ్చిన సైకిలైతే డిరైలర్ తగిలించే హ్యాంగర్ వంగిందేమో చూడాలి. వెనక నిలబడి చూస్తే డిరైలర్ చక్రాలు, క్యాసెట్ పళ్ళు ఒకే నిలువు గీతలో ఉండాలి.

కొత్త చైన్ వేశాకే జారడం మొదలైంది

దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు. ఆ పళ్ళచక్రాలు పాత చైన్‌తో కలిసి అరిగాయి, కొత్త చైన్‌కు అవి నప్పడం లేదు. అరిగిన క్యాసెట్‌ను పట్టించే నమ్మకమైన పరీక్ష కూడా ఇదే: కొత్త చైన్ వేసి, బండ్లు లేని రోడ్డులో లేచి నిలబడి ఒక్కో గేరులో గట్టిగా తొక్కండి. జారినప్పుడు హ్యాండిల్ మీద పడకుండా మెల్లగా బలం పెంచుతూ పోండి. జారేది చిన్న చక్రం ఒక్కటే అయి, దాన్ని మీరు వాడకపోతే అలాగే ఉండనివ్వండి. మధ్య గేర్లు జారితే క్యాసెట్ మార్చక తప్పదు. కొద్ది రోజులు తొక్కితే కుదురుకుంటుందని అంటుంటారు, అలా కుదురుకునేది కొత్త చైన్ పాడైనప్పుడే.

మార్చడానికి చైన్ కొరడా (క్యాసెట్ తిరగకుండా పట్టుకునే, చైన్ ముక్క ఉన్న పిడి), క్యాసెట్‌ను బిగించి ఉంచే లాక్‌రింగ్ పానా, పొడవాటి హ్యాండిల్ కావాలి. లాక్‌రింగ్ ఎడమకు తిప్పితే వదులవుతుంది. బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు, మర గాడులకు పల్చగా గ్రీజు. చైన్ పొడవును పాత చైన్ పక్కన పెట్టి కొలవకండి, పాతది పొడవు పెరిగి ఉంటుంది. లింకులు లెక్కపెట్టండి.

పళ్ళు వంకరగా కనిపిస్తున్నాయి

కంటిచూపును ఇక్కడ నమ్మవద్దు. 1989లో షిమానో హైపర్‌గ్లైడ్ పద్ధతి తెచ్చినప్పటి నుంచి క్యాసెట్ పళ్ళను కావాలనే పొట్టిగా, వాలుగా, పక్కకు కోసి తయారు చేస్తున్నారు. చైన్ తేలిగ్గా మారడానికి ఆ కోతలు. వాటిని చూసి అరిగిందని మంచి క్యాసెట్ తీసేసేవారున్నారు. అసలు చూడాల్సింది పళ్ళ మధ్య లోయని: కొత్తదానిలో లోయ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అరిగినదానిలో చైన్ లాగే వైపు గోడ లోతుగా తవ్వినట్టుంటుంది.

ముందు చైన్‌వీల్‌కు మాత్రం కన్ను పనికొస్తుంది. పళ్ళు సముద్రపు అలల్లా ఒకవైపుకు వాలితే అరిగినట్టే. చైన్‌వీల్ ముందు కొసన, గడియారంలో మూడు గంటల ముల్లు దగ్గర, చైన్‌ను వేలితో బయటికి లాగండి. సగం పన్ను బయటపడితే చైన్ గానీ చైన్‌వీల్ గానీ అరిగింది. స్కేలులో చైన్ బాగుంటే తప్పు చైన్‌వీల్‌దే.

ఘాటీలో చైన్ చిన్న చైన్‌వీల్‌ను వదలకుండా పైకి చుట్టుకుంటోంది

శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు సామానుతో ఎక్కేటప్పుడు, అదీ వానాకాలం ఎర్రమట్టిలో ఇది తరచూ కనిపిస్తుంది. కొక్కెంలా మారిన పళ్ళు కింది నుంచి చైన్‌ను వదలవు. బురదతో ఎండిపోయిన చైన్ కూడా అంటుకుపోతుంది. ముందు నీళ్ళ సీసాతో కడిగి ఆయిల్ వేసి చూడండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. తగ్గకపోతే పళ్ళ అంచుల మీద గోరు పెట్టి గీరండి. గరుకు లేచి ఉంటే చిన్న ఆకురాయితో నునుపు చేయాలి. ఇరుక్కున్నప్పుడు బలంగా తొక్కితే ఫ్రేము గీసుకుపోతుంది. పెడల్ వెనక్కి తిప్పి విడిపించండి.

పెడల్ ఒక్కసారిగా ఖాళీగా ముందుకు పోతోంది

చైన్ జారినప్పుడు టక్కుమనే చప్పుడు వస్తుంది. ఇక్కడ చప్పుడుండదు, కాలు కింద నేల లేనట్టు పడిపోతుంది. వెనక బ్రేకు గట్టిగా పట్టి పెడల్ నొక్కండి. చక్రం కదలకుండా క్యాసెట్ ముందుకు తిరిగితే లోపం, క్యాసెట్ కూర్చునే భాగమైన ఫ్రీహబ్‌లో ఉంది. లోపల స్ప్రింగుతో పళ్ళను పట్టుకునే చిన్న నాలుకలు మట్టితోనో గట్టి గ్రీజుతోనో అతుక్కుని లేవడం లేదు. విప్పి డీజిల్‌తో కడిగి, గ్రీజు కాకుండా పల్చని ఆయిల్ వేయాలి. చైన్, క్యాసెట్ మార్చినా ఇది తగ్గదు.

కొలతలో బాగుంది, గేర్లు మాత్రం బద్ధకంగా పడుతున్నాయి

చైన్ విప్పి పక్కవాటుగా అడ్డంగా పట్టుకోండి. కొత్తది కొద్దిగా వంగుతుంది, అరిగినది విల్లులా కిందికి వాలిపోతుంది. ఇది పక్క అరుగుదల. స్కేలుకు అందదు, మందూ లేదు, చైన్ మార్చడమే. డిరైలర్ చిన్న చక్రాల పళ్ళు సూదుల్లా అయితే అవీ మార్చండి. పై చక్రం కొద్దిగా పక్కలకు ఆడటం మాత్రం షిమానో డిరైలర్లలో లోపం కాదు, అలాగే చేస్తారు.

గరగర చప్పుడు, ఎర్రపొడి

కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో ఇసుక నల్లగా, ఎర్రగా చారలు కట్టి ఉంటుంది. నల్లది ఇల్మనైట్, ఎర్రది గార్నెట్. ఇనుమును రాపిడి పెట్టడానికి వాడేది ఈ గార్నెట్‌నే. అది చైన్ కీళ్ళలో చేరితే లోపల ఉప్పుకాగితం పెట్టి తొక్కుతున్నట్టే. టెక్కలి వైపు గ్రానైట్ లారీల దుమ్ము కూడా తక్కువది కాదు. దానికి తోడు ఉప్పుగాలి. పలకల మధ్య ఎర్రపొడి రాలుతుంటే కీళ్ళు లోపల ఎండిపోయాయని అర్థం.

బీచ్ రోడ్డులో తొక్కిన రోజు సాయంత్రమే గోనె ముక్కతో చైన్ గట్టిగా తుడవండి. పైన ఆయిల్ వేసి తుడవకుండా వదిలితే ఇసుకను లోపలికి పంపినట్టవుతుంది. పూర్తిగా కడగాలంటే చైన్ విప్పి, వెడల్పు మూతి సీసాలో 200 మిల్లీలీటర్ల డీజిల్ పోసి కుదపాలి. డీజిల్ నల్లబడితే పారబోసి ఇంకో విడత. నీడలో బాగా ఆరాక ఒక్కో రోలర్‌కు ఒక్కో చుక్క కుట్టు మిషన్ ఆయిల్ వేసి, పావుగంట ఆగి, పైన అంటినదంతా తుడిచేయండి. వానల్లో ఈ ఆయిల్ త్వరగా కొట్టుకుపోతుంది, అప్పుడు కాస్త చిక్కనిది వాడాలి. లారీల్లోంచి తీసిన కాలిన ఇంజన్ ఆయిల్ వద్దు, అందులో ఇనుప రజను ఉంటుంది. వాటర్ సర్వీసింగ్ దగ్గర గొట్టంతో కొట్టించడమూ వద్దు, ఆ నీళ్ళు హబ్ బేరింగుల్లోకి పోతాయి.

ప్రయాణం మధ్యలో ఒక శాతం దాటింది

చైన్, క్యాసెట్ రెండూ దొరికితే రెండూ మార్చండి. చైన్ ఒక్కటే దొరికితే వేయకండి. పాత చైన్, పాత పళ్ళు కలిసి అరిగాయి కాబట్టి కలిసే నడుస్తాయి, శుభ్రంగా ఉంచి ఆయిల్ వేస్తూ ఇల్లు చేరండి. కొత్త చైన్ సంచిలో ఉండనివ్వండి.

చైన్ తెగితే మామూలు సైకిల్ షాపులో దొరికే చైన్ వేయించకండి. అది ఒకే గేరు బండికి చేసిన వెడల్పు చైన్, క్యాసెట్‌లో పక్క చక్రాలకు రాసుకుంటుంది. తెగిన లింకు తీసేసి, రెండు కొసల్లోనూ లోపలి పలకల లింకులే మిగిలేలా చూసి, క్విక్ లింకుతో (చేత్తో కలిపే బయటి లింకు) కలపండి. పొడవు తగ్గితే ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేయకూడదు, డిరైలర్ విరిగిపోతుంది. మీ స్పీడుకు సరిపోయే క్విక్ లింకులు రెండు, పిన్ను తోసి లింకు విప్పే చిన్న చైన్ టూల్ ఒకటి సీటు కింద సంచిలో ఉంటే చాలు.