స్క్రీన్ రీడర్ ఆగిపోయిన చోటు నుంచి: సాఫ్ట్‌వేర్ సంస్థలకు యాక్సెసిబిలిటీ లోపాలను తెలియజేసే పద్ధతి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, మాన్యతా టెక్ పార్కు వంటి చోట్ల కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న చూపు లేని తెలుగువారు రోజంతా వాడే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు వారి సొంత కంపెనీ తయారుచేసినవి కావు. టైమ్‌షీటు నింపే పోర్టల్, టికెట్ల (ఫిర్యాదుల నమోదు) వ్యవస్థ, కోడ్ రివ్యూ సాధనం, మీటింగుల యాప్ ఇవన్నీ బయటి సంస్థల దగ్గర కొన్నవే. వీటిలో ఏదో ఒక తెర దగ్గర, అక్కడ ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మూగబోతే, పక్క సీటులో ఉన్నవారిని పిలిచి ఆ ఒక్క బటన్ నొక్కించుకుని పని గడుపుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ పూటకు పని జరుగుతుంది గానీ, ఆ బటన్ మాత్రం మరుసటి రోజుకూ, మన తర్వాత ఆ ఉద్యోగంలో చేరబోయే చూపు లేని మరొకరికీ అలాగే మిగిలిపోతుంది. అందుకే ఇలాంటి యాక్సెసిబిలిటీ (అందరూ వాడుకోగలిగే వీలు) లోపాన్ని తయారీ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం మన వృత్తి పనిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

రాసే ముందు ఒక్క విషయం మనసులో ఉంచుకోవాలి. మన నివేదికను అందుకునే డెవలపర్ ఎన్నడూ స్క్రీన్ రీడర్ వాడి ఉండకపోవచ్చు. అతను తన బల్ల దగ్గరే, తన కంప్యూటర్‌లోనే, కొద్ది నిమిషాల్లో ఆ లోపాన్ని తన కళ్లతో చూసుకోగలిగేలా రాసిన నివేదికకు పరిష్కారం దొరుకుతుంది. అలా రాయని నివేదికకు సాధారణంగా మర్యాదతో కూడిన జవాబు మాత్రమే దొరుకుతుంది.

లోపం ఎవరిదో ముందు తేల్చుకోవడం

మనం వినే మాట మన చెవికి చేరేలోపు అనేక అంచెలు దాటి వస్తుంది. అప్లికేషన్ తన తెరపై ఉన్న ప్రతి బటన్‌కూ, పెట్టెకూ ఒక పేరు, ఒక పాత్ర, ఒక స్థితి ఉన్నాయని విండోస్‌లోని యూఐ ఆటోమేషన్ లేదా ఎంఎస్ఏఏ వంటి వ్యవస్థ ద్వారా తెలియజేయాలి. బ్రౌజర్లయితే ఐయాక్సెసిబుల్2 అనే అలాంటి మరో వ్యవస్థను కూడా వాడతాయి. ఆ సమాచారాన్ని ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్ అందుకుని, మాటల ఇంజిన్‌కు ఇస్తుంది. గొలుసులో ఏ లంకె తెగినా మనకు వినిపించేది మౌనమే కాబట్టి, ఏ లంకె తెగిందో తేల్చకుండా రాసిన ఫిర్యాదును అప్లికేషన్ వారు స్క్రీన్ రీడర్ వారి మీదకూ, స్క్రీన్ రీడర్ వారు అప్లికేషన్ వారి మీదకూ నెట్టడం సహజం.

తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ వాడేవారు ఎన్‌వీడీఏ కీ (సాధారణంగా ఇన్సర్ట్), క్యూ కలిపి నొక్కితే వచ్చే డైలాగులో యాడ్ఆన్‌లు (అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు) లేకుండా పునఃప్రారంభించే అవకాశాన్ని ఎంచుకుని అదే పని మళ్లీ చేయాలి. యాడ్ఆన్‌ల వల్ల వచ్చే తేడాలు ఇక్కడే బయటపడతాయి. తర్వాత విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్ నెరేటర్‌తో ప్రయత్నించాలి. అది విండోస్ 10, 11 ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, కంట్రోల్, విండోస్, ఎంటర్ కీలతో తెరుచుకుంటుంది. ఎన్‌వీడీఏలోనూ నెరేటర్‌లోనూ ఒకే బటన్ పేరు లేకుండా వినిపిస్తే లోపం అప్లికేషన్‌లో ఉందనడానికి బలమైన ఆధారం చిక్కినట్టే. ఒకదానిలో బాగా పలికి మరొకదానిలో పలకకపోతే మాత్రం తొందరపడి అప్లికేషన్ వారికి రాయకూడదు. వెబ్ పేజీ అయితే మరో బ్రౌజర్‌లో కూడా చూడాలి. ఎన్‌వీడీఏ కీ, స్పేస్ కలిపి నొక్కి బ్రౌజ్ మోడ్‌లోనూ (పేజీని చదివే పద్ధతి) ఫోకస్ మోడ్‌లోనూ (పెట్టెలలో టైప్ చేసే పద్ధతి) వేర్వేరుగా ప్రయత్నించాలి.

జావాలో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్యాంకింగ్, టెలికాం ప్రాజెక్టులలో ఇవి ఇప్పటికీ ఎదురవుతుంటాయి. జావా అప్లికేషన్ల సమాచారాన్ని స్క్రీన్ రీడర్‌కు అందించే జావా యాక్సెస్ బ్రిడ్జ్ ఆన్‌లో లేకపోతే, జావాలో తెరలు కట్టే స్వింగ్‌తో చేసిన అప్లికేషన్ ఎంత శ్రద్ధగా తయారుచేసినా మనకు ఖాళీ కిటికీలాగే అనిపిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో జాబ్‌స్విచ్ ఆదేశాన్ని ఎనేబుల్ అనే ఆప్షన్‌తో నడిపి, అప్లికేషన్‌ను, స్క్రీన్ రీడర్‌ను మూసి తెరిచిన తర్వాతే లోపం గురించి ఆలోచించాలి. లేకపోతే సపోర్ట్ వారు ఆ ఒక్క వాక్యం రాసి టికెట్ మూసేస్తారు, వారిని తప్పు పట్టడానికి కూడా వీలుండదు.

చూపున్న డెవలపర్‌కు అర్థమయ్యే ఆధారం

అన్నిటికంటే తేలికైన ఆధారం కీబోర్డు. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే ఆ తెరలో తిరగమని డెవలపర్‌ను అడిగితే, బటన్ దగ్గర ఫోకస్ (కీలు పనిచేసే స్థానం) ఆగడం లేదన్న సంగతి స్క్రీన్ రీడర్ లేకుండానే అతనికి తెలుస్తుంది. రెండో ఆధారం ఎలిమెంట్‌కు ప్రోగ్రామ్‌లో ఉన్న వివరాలు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే యాక్సెసిబిలిటీ ఇన్‌సైట్స్‌లో ఆ బటన్ పేరు గడి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. మన వైపు నుంచి ఎన్‌వీడీఏ కీ, ఎఫ్1 నొక్కితే నావిగేటర్ ఆబ్జెక్ట్ (ఎన్‌వీడీఏ అప్పుడు చూస్తున్న అంశం) గురించిన వివరాలు లాగ్ వ్యూయర్‌లో వస్తాయి. అందులో పేరు, పాత్ర ఉన్న వరుసలను కాపీ చేసి నివేదికలో పెట్టవచ్చు. టూల్స్ మెనూలోని స్పీచ్ వ్యూయర్ తెరిచి ఉంచితే మనం విన్న మాటలన్నీ అక్షరాలుగా దొరుకుతాయి. "సరిగ్గా చదవడం లేదు" అని రాయడానికీ, స్పీచ్ వ్యూయర్‌లోని రెండు వరుసలను ఉన్నవి ఉన్నట్టు అతికించడానికీ చాలా తేడా ఉంది.

మేము కార్యాలయంలో వాడే ఒక ఖర్చుల అప్లికేషన్‌లో తేదీ ఎంచుకునే గుర్తు దగ్గర ఇలాంటి చిక్కే వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మొదటి జవాబుగా "మా దగ్గర ఈ సమస్య రావడం లేదు" అని టికెట్ మూసేశారు, ఎందుకంటే వారి టెస్టర్ దాన్ని మౌస్‌తో నొక్కి చూశారు. అదే నివేదికను కీబోర్డు అడుగులతో తిరిగి రాసి పంపిన తర్వాత వారే ఫోన్ చేసి మాట్లాడారు. ఆ నివేదిక సారం దాదాపు ఇలా ఉంటుంది. అసలు నివేదికను ఇంగ్లీషులోనే రాయాల్సి ఉన్నా, నిర్మాణం తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను.

శీర్షిక: కొత్త ఖర్చు తెరలో క్యాలెండర్ గుర్తుకు కీబోర్డుతో చేరుకోవడం వీలుకావడం లేదు.

పరిసరాలు: విండోస్ 11, క్రోమ్ 131, ఎన్‌వీడీఏ 2024.4, యాడ్ఆన్‌లు లేకుండా. నెరేటర్‌తోనూ ఇదే ఫలితం.

అడుగులు: కొత్త ఖర్చు తెర తెరవండి. మౌస్ వాడకుండా మొత్తం అనే పెట్టెలో కర్సర్ ఉంచండి. ట్యాబ్ ఒకసారి నొక్కండి.

జరుగుతున్నది: ఫోకస్ క్యాలెండర్ గుర్తును దాటి నేరుగా వివరణ పెట్టెలోకి వెళ్తోంది. బ్రౌజ్ మోడ్‌లో బాణం కీలతో ఆ గుర్తు మీదకు వెళ్తే ఎన్‌వీడీఏ "క్లికబుల్" అని మాత్రమే పలుకుతోంది.

జరగవలసినది: ట్యాబ్ నొక్కితే ఫోకస్ గుర్తు మీద ఆగాలి, స్క్రీన్ రీడర్ "తేదీ ఎంచుకోండి, బటన్" అని పలకాలి, ఎంటర్ లేదా స్పేస్ నొక్కితే క్యాలెండర్ తెరుచుకోవాలి.

ప్రభావం: తేదీ పెట్టెలో టైప్ చేయడానికి వీల్లేదు కాబట్టి, కీబోర్డు మాత్రమే వాడే ఉద్యోగి ఎవరూ ఖర్చుల దరఖాస్తును పూర్తిచేయలేరు.

ఈ చివరి వాక్యం మీద శ్రద్ధ పెట్టండి. "నాకు కష్టంగా ఉంది" అంటే అది ఒక వ్యక్తి ఇబ్బందిగా వింటారు. పని ఎక్కడ ఆగిపోతోందో, ఆ ఆగడం కీబోర్డు వాడే వారందరికీ ఎలా వర్తిస్తుందో చెబితే దాని తీవ్రతను వారే సరైన గడిలో వేస్తారు. పని పూర్తిగా ఆగిపోయే లోపాన్నీ, ఆలస్యం మాత్రమే అయ్యే లోపాన్నీ మనమే నిజాయితీగా విడదీసి చెప్పాలి. ప్రతిదాన్నీ అత్యవసరం అన్నవారి మాటకు కొంతకాలానికి విలువ పోతుంది. ఒక టికెట్‌లో ఒకే లోపం ఉండాలి.

నివేదిక చివర డబ్ల్యూసీఏజీ (వెబ్ అందుబాటుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు) ప్రమాణ సంఖ్యను చేర్చడం మంచిది. అన్నీ కంఠతా రావలసిన అవసరం లేదు, మనకు నిత్యం ఎదురయ్యేవి కొన్నే. కీబోర్డుతో చేరుకోలేకపోతే 2.1.1, పేరు గానీ పాత్ర గానీ అందకపోతే 4.1.2, బొమ్మకు వివరణ లేకపోతే 1.1.1, ఒకచోట చిక్కుకుని బయటికి రాలేకపోతే 2.1.2, "సేవ్ అయింది" వంటి సందేశం తెరపై వచ్చినా మనకు వినిపించకపోతే 4.1.3. ఈ చివరిది 2018లో వచ్చిన 2.1 వెర్షన్‌లో చేరింది; 2023 అక్టోబరులో వచ్చిన 2.2 లోనూ కొనసాగుతోంది. తెలుగు లేదా కన్నడ పేజీని మన స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడితే, పేజీ భాషను కోడ్‌లో సరిగా ప్రకటించారా అని చూసి 3.1.1 అని రాయవచ్చు.

రుజువు పంపేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. స్క్రీన్ షాట్‌లోనూ వీడియోలోనూ క్లయింటు సమాచారం కనిపిస్తోందేమో మనం చూసుకోలేము కాబట్టి, పరీక్షల కోసం ఉంచిన ఖాతాలోనే రికార్డు చేయాలి, పంపే ముందు నమ్మకమైన సహోద్యోగికి చూపించాలి. ఎన్‌వీడీఏ లాగ్‌ను ఇన్‌పుట్, అవుట్‌పుట్ స్థాయిలో పెడితే మనం నొక్కిన కీలన్నీ అందులో నమోదవుతాయి, పాస్‌వర్డ్ అక్షరాలతో సహా. కాబట్టి లాగిన్ అయిన తర్వాతే ఆ స్థాయిని మార్చుకుని, పని కాగానే మామూలు స్థాయికి తీసుకురావాలి. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్1 కలిపి ఒకసారి నొక్కితే లాగ్‌లో మొదలు గుర్తు పడుతుంది, మళ్లీ నొక్కితే ఆ మధ్య భాగం మాత్రమే క్లిప్‌బోర్డులోకి వస్తుంది. మొత్తం లాగ్ పంపడం కంటే ఇదే నాకు నచ్చిన దారి.

ఏ తలుపు తట్టాలి

అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్న ఒక తమ్ముడు ఈ మధ్య ఫోన్ చేసి, "అన్నా, వాళ్ల సపోర్టుకు ఎన్నిసార్లు రాసినా అతీగతీ లేదు" అన్నాడు. అతను వ్యక్తిగత మెయిల్ నుంచి రాస్తున్నాడు. కంపెనీలు కొనే సాఫ్ట్‌వేర్ విషయంలో తయారీదారుకు కస్టమర్ మనం కాదు, మన కంపెనీ. ఒప్పందం సంఖ్యతో ఐటీ విభాగం తెరిచిన టికెట్‌కు ఉండే బరువు మన సొంత ఉత్తరానికి ఉండదు. కాబట్టి నివేదిక మనం రాసినా, అది ఐటీ విభాగం ద్వారా వెళ్లేలా, మన పేరు సాంకేతిక సంప్రదింపుల కోసం అందులో ఉండేలా చూసుకోవాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 21వ సెక్షన్ ప్రకారం సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 2017 నియమాల ప్రకారం 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థల విధానంలో లైజాన్ అధికారి (దివ్యాంగ ఉద్యోగుల వ్యవహారాలు చూసేవారు) నియామకం కూడా ఉండాలి. ఆ అధికారి ఎవరో తెలుసుకుని, నివేదిక ప్రతిని వారికీ పంపాలి.

ఒప్పందం పునరుద్ధరణ సమయం మనకు అన్నిటికంటే అనుకూలమైనది. వీపాట్ (ఏ ప్రమాణాన్ని ఎంతవరకు పాటిస్తున్నారో తయారీదారు చెప్పే పట్టిక) నమూనాలో నింపిన యాక్సెసిబిలిటీ నివేదికను ఇవ్వమని కొనుగోలు విభాగం ద్వారా అడిగించండి. అందులో 2.1.1 ఎదురుగా "సపోర్ట్స్" (పాటిస్తోంది) అని ఉండి, మన నివేదికలో కీబోర్డుతో చేరుకోలేని బటన్ ఉంటే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి అడగడం కొనుగోలు విభాగానికి కూడా తేలికే.

మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులకు దివ్యాంగులకు సాయం చేసే డిజెబిలిటీ ఆన్సర్ డెస్క్ ఉంది, కంపెనీల కోసం దానికి ప్రత్యేక విభాగమూ ఉంది. విజువల్ స్టూడియో కోడ్, ఎన్‌వీడీఏ వంటి వాటికి వాటి కోడ్ ఉండే గిట్‌హబ్ వెబ్‌సైటులో నేరుగా రాయవచ్చు. అక్కడ రాసే ముందు అదే లోపాన్ని మరెవరైనా నమోదు చేశారేమో వెతకాలి. ఉంటే కొత్తది తెరవకుండా మన వెర్షన్ల వివరాలను దానికే జోడించాలి. మిత్రజ్యోతి, ఎనేబుల్ ఇండియా వంటి బెంగళూరు సంస్థలలో శిక్షణ పొందిన మిత్రులు వేర్వేరు కంపెనీలలో అదే సాఫ్ట్‌వేర్ వాడుతుంటారు. వారిలో ఒకరు తమ కంప్యూటర్‌లో కూడా ప్రయత్నించి చూస్తే, "మీ కంప్యూటర్ సెట్టింగుల వల్ల" అన్న జవాబుకు తావుండదు.

చట్టం మాట ఎప్పుడు ఎత్తాలన్నది ఆలోచించవలసిన విషయం. మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు రాస్తే అది డెవలపర్ చేతిలోంచి న్యాయ విభాగం చేతికి వెళ్లి, మరమ్మతు ఆగి జవాబుల రాత మొదలవుతుందని నా అభిప్రాయం. వరుసగా జవాబులు రాకపోతే మాత్రం మొహమాటం అవసరం లేదు. 2016 చట్టంలోని 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందుబాటు గురించి చెబుతుంది. డిజిటల్ అందుబాటుకు భారత ప్రమాణం ఐఎస్ 17802 ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవల అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడిపెట్టింది. యూరప్‌లో వ్యాపారం ఉన్న సంస్థ అయితే, 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చిన యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ వారికి బాగా తెలిసే ఉంటుంది.

జవాబు వచ్చిన తర్వాత

"ఇది ఉద్దేశపూర్వకంగా ఇలాగే చేశాం" అన్న జవాబు వస్తే, కీబోర్డు మాత్రమే వాడే ఉద్యోగి ఆ పనిని ఏ దారిలో పూర్తిచేయాలో అడుగులు రాయమని అడగండి. దారి ఉంటే మనకు పని జరుగుతుంది; లేకపోతే వారి జవాబులోనే లోపం నమోదవుతుంది. "భవిష్యత్ ప్రణాళికలో ఉంది" అంటే ఏ విడుదలలోనో అడిగి, అప్పటిదాకా తాత్కాలిక మార్గం ఇవ్వమని కోరండి. సరిచేశామని తెలియజేస్తే మొదట రాసిన అడుగులతోనే, ఎన్‌వీడీఏతోనూ నెరేటర్‌తోనూ మళ్లీ పరీక్షించి, ఏ వెర్షన్‌లో బాగుపడిందో రాసి, పనిచేసిన డెవలపర్‌కు కృతజ్ఞతలు చెప్పి టికెట్ మూయించండి. ఆ అడుగులను భద్రపరుచుకుని ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకసారి నడిపి చూడండి, ఎందుకంటే తెర రూపం మార్చినప్పుడు పాత లోపాలు తిరిగి రావడం సాధారణం. అలా తిరిగి వస్తే కొత్త టికెట్ తెరిచి, పాత టికెట్ సంఖ్యనూ, బాగుపడిన వెర్షన్‌నూ, మళ్లీ చెడిన వెర్షన్‌నూ మొదటి వాక్యంలోనే రాయండి.