పాత టేకు టీపాయికి మళ్ళీ పాలిష్: మన నెల్లూరు, ఒంగోలు తేమకి తట్టుకునేలా

పైన రంగు పోయిందని పాత టేకు టీపాయిని సామాన్లోళ్ళకి ఇచ్చెయ్యబాకండి. పాడైంది పూతే, కర్ర కాదు.

ముందు అంచు చూడండి. పొరలు పొరలుగా కనపడితే అది ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి కర్ర పొర (వెనీరు), రుద్దే మిషన్ పెడితే చిటికెలో లేచిపోద్ది, చేత్తోనే మెల్లగా రుద్దుకోవాల.

తర్వాత అడుగున ఒక మూల స్పిరిట్ అద్దిన దూదితో రుద్దండి, జిగటగా కరిగి దూదికి అంటితే అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే మొత్తం వచ్చేస్తది. కరగలేదా, పెయింట్ రిమూవర్ కావాల. పాత ఎనామిల్ అయితే మాత్రం పొడిగా రుద్దబాకండి, ఇంట్లో వేసే రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) హద్దు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది, అంతకుముందు రంగు దుమ్ము చిన్నపిల్లలున్న ఇంట్లో లేవకూడదు. రిమూవర్ ఆరుబయట, గ్లోవ్స్ వేసుకుని మందంగా పూసి ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచితే రంగు బొబ్బలు లేస్తది, అప్పుడు పుట్టీ బ్లేడుతో గీకండి, కాళ్ళ నగిషీల్లోకి కొబ్బరి పీచు బాగా పోతుంది. ఆఖర్న థిన్నర్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి.

ఇంక సాండ్ పేపరు 80, 120, 180, 220 నంబర్లు వరసగా, కర్ర గీత ఎటు పోతే అటే. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనపడవు, పాలిష్ పడగానే నల్లగా తేల్తాయి, అందుకే మధ్యలో స్పిరిట్ గుడ్డతో ఒకసారి తడిపి ఏటవాలు వెలుతురులో చూడండి, ఉన్నయ్యన్నీ బయటపడతాయి. ఈ పనికే ఎక్కువ టైం పెట్టండి.

లక్క పాలిష్ అందంగానే ఉంటది గానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్ల రింగు పడద్ది, టీపాయికి నేనైతే పీయూనే (పాలీయురేథేన్ పూత) వేస్తాను. టేకులో నూనె ఉంటది కాబట్టి వేసే ముందు థిన్నర్‌తో ఇంకోసారి తుడవాల. పల్చగా మూడు కోట్లు, మధ్యమధ్యలో 320 పేపరు, కోటుకీ కోటుకీ ఎంత ఆగాలో డబ్బా మీదే ఉంటది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, గాలిలో తేమకి పూత తెల్లగా మబ్బు పట్టుద్ది. మే ఎండలో బ్రష్ లాగేలోపే ఆరిపోద్ది. జనవరి, ఫిబ్రవరిలో పొద్దున మంచు ఆరినాక మొదలుపెట్టండి.

అడుగు పక్క కూడా ఒక కోటు వెయ్యండి, లేకపోతే తేమ ఒకవైపే పీల్చి పలక వంగుద్ది. వారం దాకా వేడి గిన్నెలు పెట్టబాకండి.