బేస్‌బాల్‌లో భారీ కాంట్రాక్ట్ వార్త వస్తే ఏం చూడాలి?

మొత్తం అంకె చూసి గుండెలు బాదుకోకండి, ముందు వయసు చూడండి. 2011 డిసెంబర్‌లో ఆల్బర్ట్ పూహోల్స్‌కి ఏంజెల్స్ జట్టు 10 ఏళ్లకు 240 మిలియన్ డాలర్లు రాసిచ్చేసరికి అతనికి 32 నిండబోతున్నాయి, పాత జట్టు కార్డినల్స్‌లో చూసిన ఆ బ్యాటింగ్ మళ్లీ కనిపించనే లేదు, 2021లో గడువు తీరకముందే వదిలేశారు. హువాన్ సోటో అలా కాదు, 765 మిలియన్లకు మెట్స్ జట్టుతో సంతకం చేసేటప్పటికి 26 ఏళ్లే.

తర్వాత డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో చూడండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. డాడ్జర్స్ జట్టుతో షోహెయ్ ఓటానీ కాంట్రాక్ట్ 700 మిలియన్లలో 680 మిలియన్ల చెల్లింపు 2034 నుంచి మొదలవుతుంది, ఇప్పుడు డాడ్జర్స్ ఏడాదికి ఇచ్చేది 2 మిలియన్లే, అయినా లగ్జరీ ట్యాక్స్ (జట్టు జీతాల మొత్తం లీగ్ పెట్టిన హద్దు దాటితే కట్టే పన్ను) లెక్కలో మాత్రం ఏటా సుమారు 46 మిలియన్లు పడతాయి.

చివరి ఏళ్లలో ఆట తగ్గడం మామూలే. మొదటి ఐదారేళ్లలో గిట్టుబాటైతే చాలు. పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మ్యాక్స్ షెర్జర్‌కి నేషనల్స్ జట్టు ఇచ్చిన 210 మిలియన్లు నా దృష్టిలో పైసా వసూల్: రెండు సై యంగ్‌లు (ఉత్తమ పిచర్ అవార్డు), 2019 వరల్డ్ సిరీస్ టైటిల్.

ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) అయితే, వచ్చే ఆటగాడికి కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లుందో చూడండి. 2020లో డాడ్జర్స్‌కి ట్రేడ్ అయినప్పుడు మూకీ బెట్స్‌కి మిగిలింది ఒక్క సీజనే, వాళ్లు జులైలోనే 12 ఏళ్లు, 365 మిలియన్లతో కట్టేసుకున్నారు.