పిల్లాడి బుగ్గలు ఎర్రబడ్డాయా? పార్వో వైరస్ అయితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి

ముందు కుక్కల సంగతి తేల్చేద్దాం. పార్వో అనగానే చాలామందికి కుక్కపిల్లల వాంతులు, రక్త విరేచనాలే గుర్తొస్తాయి, ఇక ఇంట్లో కుక్కకు పార్వో వచ్చిన వారమే పిల్లాడి బుగ్గలు ఎర్రబడితే టెన్షన్ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. కానీ కుక్కలకు వచ్చే పార్వో మనకు అంటదు, మనది వాటికి అంటదు. మనుషులకు వచ్చే దాన్ని పార్వో వైరస్ బి19 అంటారు. 1975లో లండన్‌లో ఈవాన్ కొస్సార్ట్ బృందం హెపటైటిస్ బి కోసం రక్తం శాంపిళ్లు పరీక్షిస్తుంటే అనుకోకుండా దొరికింది, ఆ శాంపిల్ గుర్తే పేరైపోయింది.

పిల్లల్లో మొదట వచ్చేది మామూలు జలుబులాగే ఉంటుంది. కాస్త జ్వరం, ముక్కు కారడం, తలనొప్పి, నీరసం. అది తగ్గిపోయి, అందరూ మర్చిపోయాక రెండు బుగ్గలూ ఎవరో చెంప వాయించినట్టు ఎర్రగా అవుతాయి, మూతి చుట్టూ మాత్రం పాలిపోయి ఉంటుంది. ఇంకో రెండు మూడు రోజుల్లో చేతులు, తొడలు, ఒంటి మీద వల అల్లినట్టు దద్దురు కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు రంగు పిల్లల్లో బుగ్గల ఎరుపు తెలియకపోవచ్చు, కాబట్టి మంచి వెలుతురులో చేతుల మీద ఆ వల గీతల కోసం చూడండి. ఇంకో సంగతి, తగ్గిపోయిందనుకున్న దద్దురు వేడినీళ్ల స్నానం చేసినా, ఎండలో ఆడి వచ్చినా మళ్లీ పైకి తేలుతుంది, కొన్ని వారాల పాటు ఇలా వచ్చి పోతూనే ఉంటుంది. జబ్బు తిరగబెట్టిందని మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తక్కర్లేదు.

మందు విషయం చిన్నదే. జ్వరానికి, నొప్పులకు బరువును బట్టి పారాసిటమాల్, తాగడానికి నీళ్లు బాగా ఇవ్వండి, దురద ఎక్కువుంటే డాక్టర్‌ను అడిగి మందు వేయండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్స్ దండగ.

అసలు పని వేరే ఉంది. దద్దురు వచ్చిందంటే శరీరం వైరస్ మీద ఇప్పటికే తిరగబడిందని అర్థం, అంటే మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి నుంచి ఇంకొకరికి అంటుకునే రోజులు దాటిపోయాయి. బుగ్గలు ఎర్రబడ్డాక పిల్లాడిని గదిలో పెట్టి తలుపేయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ఒంట్లో బాగుంటే బడికి పంపొచ్చు. దానికి బదులు క్యాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టండి. దద్దురు కనిపించడానికి ముందు వారం పది రోజుల్లో, ముఖ్యంగా ఆ జలుబు రోజుల్లో, వాడితో ఎవరెవరు దగ్గరగా గడిపారు? వాళ్లలో గర్భిణులు, తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులున్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు ఉంటే మొహమాటపడకుండా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

వాళ్లే ఎందుకంటే, ఈ వైరస్ నేరుగా ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోటికి పోయి వారం పది రోజులు ఉత్పత్తి ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ఆ కాసిని రోజుల లోటు తెలియదు. రక్త జబ్బుల్లో ఆ కణాలు చాలా తొందరగా చచ్చిపోతుంటాయి, తయారీ కూడా ఆగితే హిమోగ్లోబిన్ రోజుల్లోనే పడిపోతుంది. మొహం తెల్లగా పాలిపోవడం, ఆయాసం, గుండె దడ, లేవలేనంత మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వీళ్లలో చాలామందికి దద్దురు రాదు, కాబట్టి దానికోసం ఎదురుచూడొద్దు. రక్త పరీక్షలో రెటిక్యులోసైట్ కౌంట్, అంటే కొత్తగా తయారైన ఎర్రకణాల లెక్క, కూడా చూడమనండి, ఉత్పత్తి ఆగిపోతే అది దాదాపు సున్నాకు వస్తుంది. రక్తం ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో వైరస్ నెలల తరబడి ఉండిపోతుంది, వాళ్లకు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తారు. ఈ రెండు రకాల వాళ్ల నుంచి మాత్రం వైరస్ ఇతరులకు అంటుతుంది, ఆస్పత్రిలో విడిగా ఉంచమని అడగండి.

గర్భిణి అయితే భయపడి కూర్చోకుండా ఈ వైరస్ మీద శరీరం తయారుచేసే ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీల కోసం రక్త పరీక్షలు చేయించుకోవాలి. ఐజీజీ ఉండి ఐజీఎం లేకపోతే ఎప్పుడో వచ్చి పోయిందన్నమాట, నిశ్చింతగా ఉండొచ్చు. పెద్దవాళ్లలో సుమారు సగం మంది ఈ కోవలోనే ఉంటారు. రెండూ లేకపోతే ఇంకా రక్షణ లేదు, కొన్ని వారాలాగి పరీక్ష మళ్లీ చేయాలి. ఐజీఎం ఉంటే ఈమధ్యే సోకి ఉండొచ్చు, అప్పుడు కూడా బిడ్డకు చేరేది దాదాపు మూడింట ఒక వంతు మందిలోనే, చేరిన బిడ్డల్లోనూ ఎక్కువమంది బాగానే పుడతారు. 20 వారాల లోపు సోకితే ప్రమాదం ఎక్కువ, బిడ్డకు రక్తం తగ్గి ఒంట్లో నీరు చేరొచ్చు, గర్భం పోవచ్చు. అందుకే 8 నుంచి 12 వారాల పాటు వారానికో రెండు వారాలకో డాప్లర్ స్కాన్ చేసి, బిడ్డ మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. బిడ్డకు రక్తం బాగా తగ్గితే కడుపులో ఉండగానే బొడ్డుతాడు ద్వారా రక్తం ఎక్కించే వైద్యం ఉంది. రుబెల్లా మాదిరి అవయవ లోపాలు తెచ్చే వైరస్‌గా దీన్ని చూడరు, సోకిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోమని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పెద్దవాళ్లకు, మరీ ముఖ్యంగా ఆడవాళ్లకు, కీళ్ల నొప్పులు వస్తాయి. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లు, మణికట్లు, మోకాళ్లు బిగుసుకుపోయి సీసా మూత తిప్పడం కూడా కష్టమవుతుంది, చూస్తే అచ్చం రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఏళ్ల తరబడి ఉండే కీళ్లవాతం) లాగే ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో పోతుంది, కొందరికి నెలలు పడుతుంది, కీళ్లు మాత్రం పాడవవు. డాక్టర్‌కు ఇంట్లో పిల్లాడికి బుగ్గలు ఎర్రబడ్డ సంగతి తప్పకుండా చెప్పండి, లేకపోతే అనవసరంగా పెద్ద జబ్బు మందులు మొదలయ్యే అవకాశం ఉంది.

టీకా లేదు. తుమ్ములు, దగ్గుల తుంపరల ద్వారా పాకుతుంది కాబట్టి చేతులు కడుక్కోవడం, గ్లాసులు, స్పూన్లు పంచుకోకపోవడమే మన చేతిలో ఉన్నది. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు, అందుకే ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద అంత బాగా పనిచేయదు. సబ్బుతో, పారే నీళ్లలో కడగండి.