వైజాగ్ నుంచి విదేశాల్లో సర్ఫ్ లైఫ్‌సేవింగ్ పోటీలకు టీమ్‌ని తీసుకెళ్లాలంటే

సర్ఫ్ లైఫ్‌సేవింగ్ అంటే సముద్రంలో మునిగిపోయేవాళ్లని కాపాడడానికి కావాల్సిన ఈత, పరుగు, బోర్డు నడపడం లాంటి నైపుణ్యాల్లో జరిగే పోటీ. జాలరిపేట, జోడుగుళ్లపాలెం పిల్లలకి కెరటం ఎక్కడ విరుగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో లైఫ్‌గార్డు డ్యూటీ చేసినవాళ్లయితే నిజంగా మునిగిపోతున్న మనిషిని ఒడ్డుకి లాక్కొచ్చినవాళ్లే. ఇలాంటివాళ్లని బయటి దేశం పోటీలకి తీసుకెళ్లాలనుకునే కోచ్‌లకి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: బోర్డులు మోసుకెళ్లడానికి పెట్టే డబ్బుని నాలుగైదు రోజులు ముందుగా అక్కడికి చేరడానికి పెట్టండి.

ముందు ఎంట్రీ సంగతి. ప్రపంచ పోటీలు ఇంటర్నేషనల్ లైఫ్ సేవింగ్ ఫెడరేషన్ ఆధ్వర్యంలో జరుగుతాయి. 2022లో ఇటలీలోని రిచియోనెలో, 2024లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో జరిగాయి. దేశాల జట్లతో పాటు క్లబ్బులకి విడిగా పోటీ ఉంటుంది. మనం నేరుగా పేరిచ్చేస్తే కుదరదు, మన దేశం తరఫున అందులో సభ్యత్వం ఉన్న రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ద్వారా వెళ్లాలి. వాళ్లకి రాయడం మొదటి పని.

రెండోది పాస్‌పోర్టు. ఇక్కడే చాలా టెన్షన్. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది, పుట్టిన తేదీ ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. టీమ్ ఎంపికైన రోజే అందరి కాగితాలూ ఒక టేబుల్ మీద పరిచి పోల్చి చూడండి. తప్పుంటే ముందు ఆధార్ సరిచేయించి ఆ తర్వాతే అప్లై చేయండి. విమానం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలుంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రాలు నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. పిల్లల నాన్నలు వేటకెళ్తే బోటు ఎప్పుడొస్తుందో తెలీదు కదా, అందుకని సంతకాలు వాళ్లు ఒడ్డున ఉన్నప్పుడే తీసేసుకోండి. వీసా ఏ రకమో ఊహించొద్దు, పోటీ నిర్వాహకుల ఆహ్వాన లేఖ తెప్పించుకుని వాళ్లనే అడగండి.

ఇక సామాను. సర్ఫ్ స్కీ (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవ) పొడవు 5.8 మీటర్ల దాకా ఉండొచ్చు, బరువు 18 కిలోలకి తగ్గకూడదు. చేతులతో నీళ్లు తోస్తూ నడిపే రేసు బోర్డు 3.2 మీటర్ల దాకా ఉంటుంది. వైజాగ్ నుంచి ఎక్కే చిన్న విమానంలో ఇవి పట్టించడం దాదాపు అసాధ్యం, పట్టినా ఛార్జీ వాచిపోతుంది. ఆతిథ్య ఊరి క్లబ్బులకి రెండు మూడు నెలల ముందే రాసి, మీ వాళ్ల ఎత్తు, బరువు చెప్పి, అద్దెకో అరువుకో మాట్లాడుకోండి. ఎవరిదో బోర్డు మీద బ్యాలెన్స్ కుదరడానికే రెండు రోజులు పడుతుంది, ముందుగా వెళ్లమని అన్నది అందుకే. ఫిన్స్ (ఈతకి కాళ్లకి తొడిగే రెక్కలు), గాగుల్స్, టీమ్ క్యాపులు, రంగు వెస్టులు మాత్రం మనవే పట్టుకెళ్లాలి.

బోర్డులు సరిగ్గా దొరకని టీమ్ ముందు బీచ్ ఈవెంట్ల మీద పడాలని నా అభిప్రాయం. బీచ్ ఫ్లాగ్స్‌లో ఇసుకలో బోర్లా పడుకుని, విజిల్ వినగానే లేచి వెనక్కి తిరిగి సుమారు 20 మీటర్ల దూరంలో గుచ్చిన గొట్టం ముక్కల కోసం పరుగెత్తాలి. మనుషులకంటే ముక్కలు తక్కువ ఉంటాయి, దొరకనివాళ్లు ఔట్. దీనికీ, 90 మీటర్ల బీచ్ స్ప్రింట్‌కీ తెల్లవారుజామున ఆర్కే బీచ్ చాలు. మనిషి బొమ్మని నీళ్లలో లాక్కొచ్చే మానికిన్ ఈవెంట్లకి బీచ్ రోడ్డులోని జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో టైమ్ అడగండి. బోర్డు ప్రాక్టీసుకి రుషికొండ మంచిది. యారాడలో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఒడ్డున రెస్క్యూ ట్యూబుతో మనిషి లేకుండా అక్కడ ఎవర్నీ దింపొద్దు.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన సముద్రం చాలా నెలలు గోరువెచ్చగా ఉంటుంది. గోల్డ్ కోస్ట్‌లో ఆగస్టు చివర్లో నీళ్లు 20, 21 డిగ్రీలే, వెళ్లగానే దిగితే ఊపిరి బిగుసుకుంటుంది. మొదటి రోజు కాసేపు, మర్నాడు ఇంకాసేపు దిగాలి. అక్కడి టైమ్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, నిద్ర సర్దుకోవడానికీ ఆ రోజులు కావాలి. వెళ్లగానే స్థానిక లైఫ్‌గార్డుని పట్టుకుని పోటూ పాటూ ఎప్పుడు, ఇసుక దిబ్బలు ఎక్కడ, నీరు ఎటు లాగుతోంది అని అడగండి. మన కెరటం తెలిసినంత మాత్రాన అక్కడిది తెలిసినట్టు కాదు.

ఆస్ట్రేలియా అయితే తిండి వస్తువులు ఏం తెచ్చినా ఆ దేశంలోకి వెళ్లేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డులో రాయాలి. అమ్మ కట్టిచ్చిన ఆవకాయైనా సరే, దాచొద్దు. బూట్లకీ ఫిన్స్‌కీ మట్టి, ఇసుక లేకుండా కడిగి తీసుకెళ్లండి.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో నిషిద్ధం. ఎవరో ఇచ్చిన బలం పొడులు అసలు వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ప్రిస్క్రిప్షన్ తెచ్చుకుని, డోపింగ్ నియమాలు తెలిసిన డాక్టర్‌కి ముందే చూపించాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పోటీల్లో తగిలే దెబ్బలకి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి, మామూలు టూరిస్టు పాలసీలు చాలావాటిలో అది ఉండదు.

పోటీ రోజు హీట్స్ (తొలి రౌండు రేసులు) పిలుపు మైకులో, ఆ ఊరి యాసలో, గాలి హోరులో వస్తుంది. పిలిచినప్పుడు లేకపోతే ఆ ఈవెంట్ పోయినట్టే. కాబట్టి ఇంగ్లీషు బాగా అర్థమయ్యే ఒకరికి వేరే ఏ పనీ పెట్టకుండా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిలుపులు జరిగే చోటే ఉండమని చెప్పండి, వాళ్లకి భోజనం కూడా అక్కడికే పంపండి.