నల్లజాతి పేటలో స్టోర్ కొంటున్నారా? బేరం నుంచి బీమా దాకా చూసుకోవాల్సినవి

అమెరికాలో గ్యాస్ స్టేషనో, కన్వీనియన్స్ స్టోరో, లిక్కర్ స్టోరో అమ్మకానికి వచ్చిందంటే మనవాళ్లు ముందు అడిగేది ఇన్‌సైడ్ సేల్ (పెట్రోలు కాకుండా స్టోర్ లోపలి అమ్మకం) ఎంత అని. తర్వాత లీజు ఇంకా ఎన్నేళ్లుంది అని. ఆ పేట జనం ఈ స్టోర్ గురించి ఏమనుకుంటున్నారన్నది చాలామంది అసలు అడగరు. నల్లజాతి వారు ఎక్కువగా ఉండే పేటల్లో మంచి సేల్ ఉన్న స్టోర్ కూడా తక్కువ ధరకు దొరుకుతుందంటే, దానికి కారణం ఆ మూడో ప్రశ్నలోనే ఉంటుంది.

కాస్త వెనక్కి వెళ్తే ఇది అర్థమవుతుంది. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీయించి, నల్లజాతి వారుండే పేటలకు ఎర్ర రంగు వేయించింది. ఆ పేటల్లో ఇంటికి గానీ వ్యాపారానికి గానీ బ్యాంకు అప్పు పుట్టడం గగనమైంది. సొంతంగా కట్టుకున్న చోట అదీ నిలవలేదు. 1921లో టల్సాలోని గ్రీన్‌వుడ్‌లో నల్లజాతి వారి ఇళ్లు, దుకాణాలు 35 బ్లాకుల మేర తగలబెట్టారు. అల్లర్లకు బీమా వర్తించదని చెప్పి కంపెనీలు క్లెయిములు ఇవ్వలేదు. దాంతో పేటలోని కొట్లు బయటివాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. లాస్ ఏంజెలిస్‌లో 1965 నాటి వాట్స్ అల్లర్ల తర్వాత యూదు వ్యాపారులు చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు, ఆ చోట్లోకి కొరియన్లు వచ్చారు. ఇప్పుడు పలు నగరాల్లో అరబ్బులు, గుజరాతీలు, పంజాబీలు, మనవాళ్లు. మీరు ఎంత కష్టపడి లోను తెచ్చుకున్నారో కౌంటర్ అవతల ఉన్న మనిషికి తెలియదు. తన తాతకు ఆ లోను ఇవ్వలేదన్నది మాత్రం బాగా తెలుసు.

కొనేముందు

పేటను నాలుగు వేళల్లో చూడండి. వారం మధ్యలో ఒక ఉదయం, బడి వదిలే సమయం, శుక్రవారం సాయంత్రం, శనివారం రాత్రి పది తర్వాత. కారులో కూర్చుని చూస్తే లాభం లేదు, లోపలికి వెళ్లి ఏదైనా కొనండి. క్లర్క్ జనంతో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. పక్కనున్న మంగలి షాపులో, చర్చి దగ్గర అడిగితే పాత ఓనర్ చెప్పని సంగతులు బయటికొస్తాయి. ఆ అడ్రసుకు గత రెండేళ్లలో వచ్చిన పోలీసు కాల్స్ జాబితా ఇమ్మని నగర పోలీసులకు పబ్లిక్ రికార్డ్స్ దరఖాస్తు పెట్టండి. అందులో దొంగతనాల కంటే పార్కింగ్ లాట్ గొడవలు ఎక్కువగా ఉంటే చిక్కు స్టోర్ లోపల లేదు, బయట దీపాల్లో, గుమిగూడే మూలల్లో ఉంది.

సేల్ అంకెల్లో దేనిమీద ఎంత వస్తోందో విడదీసి చూడండి. విడి సిగరెట్లు, డ్రగ్స్ పీల్చడానికి వాడే గాజు పైపులు, మైనర్లకు అమ్మే సరుకు మీద నడుస్తున్న స్టోరైతే ఆ సేల్ మీది కాదనుకోండి. సిగరెట్ ప్యాకెట్ విప్పి విడిగా అమ్మడం ఫెడరల్ నిబంధనలకు విరుద్ధం. పొగాకు కొనే వయసు 2019 డిసెంబరు నుంచి దేశమంతటా 21. లిక్కర్ లైసెన్స్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు పేట సంఘాలు అభ్యంతరం పెట్టేది వీటి మీదే. 1992 అల్లర్లలో కాలిన లిక్కర్ స్టోర్లు తిరిగి తెరవాలంటే షరతులతో కొత్త పర్మిట్ తీసుకోవాలని లాస్ ఏంజెలిస్ నగరం అడిగింది. పేటవాళ్లు ఎదురు తిరగడంతో చాలావరకు తిరిగి తెరుచుకోనే లేదు.

ఫుడ్ స్టాంపులు, అంటే స్నాప్, తీసుకునే అనుమతి స్టోర్‌తోపాటు మీకు రాదు. కొత్త ఓనర్ వ్యవసాయ శాఖకు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, అన్నీ సరిగ్గా ఉన్నా 45 రోజుల దాకా పట్టవచ్చు. అన్ని రోజులు ఈబీటీ (స్నాప్ సొమ్ము ఉండే కార్డు) లేకపోతే సేల్ ఎంత పడుతుందో లెక్కేసుకుని, కొనుగోలు పూర్తయ్యే క్లోజింగ్ తేదీ పెట్టుకోండి. పాత ఓనర్ మెషీన్‌నే కొన్నాళ్లు వాడుకుందామనే మాటకు లొంగవద్దు. స్నాప్ కార్డు గీకి నగదు ఇచ్చారో, శాశ్వతంగా అనుమతి పోతుంది.

వీసా సంగతి ఒక్క ముక్క: హెచ్‌1బీ మీద ఉన్నవారు పెట్టుబడి పెట్టవచ్చు గానీ కౌంటర్‌లో నిలబడి పని చేయకూడదు. అంటే మీ పేరు నిలబెట్టేదీ చెడగొట్టేదీ మీరు పెట్టిన మేనేజరే.

కౌంటర్ దగ్గర

ఈ తగాదాల్లో ఎక్కువ భాగం డాలర్ల మీద మొదలవవు, చేతుల మీద మొదలవుతాయి. కొరియన్ స్టోర్ల మీద నల్లజాతి కస్టమర్లు ఏళ్లతరబడి చేసిన ఫిర్యాదు ఒకటుంది: చిల్లర చేతిలో పెట్టకుండా కౌంటర్ మీద పడేస్తారని. పరాయివాళ్ల చేయి తాకకపోవడం కొరియన్ల దృష్టిలో మర్యాద. అవతలివాళ్లకు అది అంటరానితనంలా తగిలింది. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి, చిల్లర పైనుంచి జారవిడిచే చేతి గురించి తెలిసినవారికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. నోట్లు, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టండి. కళ్లలోకి చూసి పలకరించండి.

కస్టమర్ ముందు మీలో మీరు తెలుగులో మాట్లాడుకోవడం తగ్గించండి. "నల్లోడు", "కాలా" లాంటి మాటలు స్టోర్‌లోనే కాదు, ఇంట్లోనూ మానండి. మాట అర్థం కాకపోయినా గొంతులో ఎగతాళి అర్థమవుతుంది, పైగా ఈ మాటలు వాళ్లకు ఎప్పుడో తెలుసు. నడవల మధ్య మనిషి వెనకాల మనిషిని పంపడం మానేసి, అరలు నడుం ఎత్తుకు దించండి. అద్దం, కెమెరా చేయగలిగిన పనికి మనిషిని పెట్టి అవమానం కొనుక్కోవద్దు.

ప్రతి వస్తువు మీద ధర అంటించండి. ధర లేకపోతే "నన్ను చూసి రేటు చెప్పాడు" అనే మాట వస్తుంది. క్రెడిట్ కార్డుకు 10 డాలర్ల దాకా కనీస మొత్తం పెట్టుకోవచ్చు, డెబిట్ కార్డుకు పెట్టకూడదు. ఈబీటీకి కనీసం అనేదే లేదు, స్నాప్ సొమ్ముతో కొన్న వాటికి సేల్స్ ట్యాక్స్ కూడా వేయకూడదు. కౌంటర్ మీద "5 డాలర్లు దాటితేనే కార్డు" అని బోర్డు పెట్టి అన్ని కార్డులకూ ఒకటే నియమం నడిపే స్టోర్లు చాలా కనిపిస్తాయి. ఆ బోర్డు మీద ఒక్క ఫిర్యాదు వెళ్తే చాలు. తేదీ దాటిన పాలు, పిల్లల పాలపొడి రోజూ పొద్దున్నే తీసేయండి.

బుల్లెట్ ప్రూఫ్ గాజు పెట్టాలా వద్దా అన్నది తేలని చర్చ. ఫిలడెల్ఫియాలో 2017లో నగర కౌన్సిల్ దాకా వెళ్లింది. మమ్మల్ని ఖైదీల్లా చూస్తున్నారని పేటవాళ్లు, ప్రాణభయమని ఆసియా వ్యాపారులు. రెండు పక్షాలూ చెప్పింది నిజమే. గాజు పెట్టేటట్టయితే యూఎల్ 752 ప్రమాణం అడగండి. అందులో లెవల్ 1 అంటే 9 ఎంఎం తూటాను ఆపుతుంది, యాక్రిలిక్ అయితే అంగుళంపావు మందం. దానికంటే బలహీనమైనది పెడితే అవమానం మిగులుతుంది, రక్షణ ఉండదు. మా సలహా: పగలు తెరిచిన వెడల్పాటి కౌంటర్, రాత్రి పది తర్వాత నైట్ విండో. రిజిస్టర్‌లో నగదు తక్కువ ఉంచి మిగతాది డ్రాప్ సేఫ్‌లో (వేయడమే గానీ క్లర్క్ తెరవలేని పెట్టెలో) వేయండి, ఆ సంగతి తలుపు మీద రాయండి. కిటికీలను బీరు పోస్టర్లతో కప్పవద్దు. లోపల ఏం జరుగుతోందో వీధికి కనిపించాలి.

పనివాళ్లలో కనీసం సగంమంది పేటవాళ్లు ఉండాలి, వాళ్ల చేతికి చీపురే కాదు, రిజిస్టర్ కూడా ఇవ్వాలి. జీతం చేతికి నగదుగా కాకుండా, పన్ను లెక్కల్లో చూపి డబ్ల్యూ-2 మీద ఇవ్వండి. ఉద్యోగ వివక్ష చట్టం టైటిల్ 7 వర్తించేది 15 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోటే గానీ, జాతి వివక్ష మీద సెక్షన్ 1981 కింద ఇద్దరు పనిచేసే కొట్టు మీదా దావా పడవచ్చు. ఇక దరఖాస్తులోనే పాత కేసుల గురించి అడగకూడదన్న నియమం మీ నగరంలో ఉందేమో చూసుకోండి.

దొంగతనం అనుమానం వస్తే

1991 మార్చి 16న దక్షిణ లాస్ ఏంజెలిస్‌లో 15 ఏళ్ల లతాషా హార్లిన్స్ 1 డాలర్ 79 సెంట్ల ఆరెంజ్ జ్యూస్ సీసా సంచిలో పెట్టుకుంది. దొంగతనమని స్టోర్ యజమానురాలు ఆమెను పట్టుకుంది. పెనుగులాట జరిగింది. పిల్ల సీసా కౌంటర్ మీద వదిలి వెనక్కి తిరిగింది, వెనకనుంచి కాల్పు. చనిపోయేటప్పటికి ఆ పిల్ల చేతిలో 2 డాలర్లున్నాయి. యజమానురాలికి జైలు లేదు, ప్రొబేషన్‌తో వదిలేశారు. ఏడాది తర్వాత అల్లర్లు లేచినప్పుడు కొరియన్ స్టోర్లు ఎందుకు గురయ్యాయో ఆ తీర్పు దగ్గర మొదలుపెట్టి చెప్పాలి.

అందుకని నియమం ఇలా పెట్టుకోండి. డబ్బు కట్టే చోటు దాటి వెళ్లేదాకా దాన్ని దొంగతనం అనుకోవద్దు. అనుమానమొస్తే "ఇంకేమైనా కావాలా?" అని అడగండి. చేయి వేయొద్దు, సంచి లాగొద్దు, తలుపుకు అడ్డం నిలబడొద్దు, పార్కింగ్ లాట్‌లోకి వెంటపడొద్దు. దుకాణదారు అనుమానితుణ్ని కాసేపు ఆపవచ్చని చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది గానీ, దాని హద్దులు కోర్టులో తేలేవి, కౌంటర్ దగ్గర కాదు. కెమెరా సమయం రాసుకోండి. అదే మనిషి పదేపదే వస్తుంటే పోలీసుల ద్వారా ట్రెస్‌పాస్ నోటీసు (మళ్లీ స్టోర్‌లోకి రావద్దనే నోటీసు) ఇప్పించండి.

దొంగ నోటు సంగతి వేరుగా చెప్పాలి. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోవడానికి మొదట వెళ్లిన ఫోన్ 20 డాలర్ల నోటు గురించి, ఒక కార్నర్ స్టోర్ నుంచే. పెన్ను గీతను నమ్మవద్దు, చిన్న నోటును కడిగి పెద్దది ముద్రిస్తే పెన్ను పట్టలేదు. 20 నోటును వెలుగుకెత్తి కుడివైపు జాక్సన్ నీటిముద్ర, బొమ్మకు ఎడమన నిలువు దారం చూడండి. యూవీ దీపం కింద ఆ దారం ఆకుపచ్చగా మెరవాలి. తేడా ఉంటే "ఇది మెషీన్ తీసుకోవడం లేదు, ఇంకోటుందా?" అని తిరిగి ఇచ్చేయండి. ఇచ్చినవాడికే అది దొంగనోటని తెలియకపోవచ్చు. ఆయుధం, కొట్లాట ఉంటే 911, లేకపోతే నాన్ ఎమర్జెన్సీ నంబరు. ఫోన్‌లో ఏం జరిగిందో, ఆయుధం ఉందో లేదో ముందు చెప్పమని క్లర్కులకు నేర్పండి.

బీమా

మంచిగా ఉంటే మన జోలికి రారనే ధీమా వద్దు. పేటవాళ్లు మనుషుల గొలుసు కట్టి కాపాడిన కొట్లున్నాయి, 2020లో నల్లజాతి వారి సొంత కొట్లూ కాలిపోయాయి. తగలబెట్టేవాడు ఆ పేటవాడే కానక్కర్లేదు.

1992లో సుమారు 2,300 కొరియన్ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. వాళ్లలో ఎంతోమంది ప్రీమియం తక్కువని రాష్ట్రంలో లైసెన్స్ లేని కంపెనీల పాలసీలు కొన్నవారు, క్లెయిముకు వెళ్తే కంపెనీయే దొరకలేదు. మీ కంపెనీ పేరు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ సైట్‌లో "అడ్మిటెడ్" అని ఉందో లేదో మీరే చూడండి, ఏజెంట్ మాట చాలదు.

మామూలు కమర్షియల్ ప్రాపర్టీ పాలసీలో అల్లర్లు, లూటీ సాధారణంగా కవర్ అవుతాయి. దెబ్బ తగిలేది కోఇన్సూరెన్స్ దగ్గర, అంటే ఆస్తి విలువలో కనీసం ఇంత శాతానికి బీమా చేసి ఉండాలన్న నిబంధన దగ్గర. ఉదాహరణకు మీ సరుకు, ఫిక్స్చర్ల విలువ 2 లక్షల డాలర్లు, పాలసీలో 80 శాతం నిబంధన ఉంది. అంటే 1,60,000కు చేసి ఉండాలి. ప్రీమియం మిగులుతుందని 80,000కే చేశారు. 60,000 నష్టమొస్తే సగం, 30,000 మాత్రమే ఇస్తారు, అందులోనూ డిడక్టిబుల్ (మీరే భరించాల్సిన భాగం) కోసుకుంటారు. కాబట్టి ఏటా విలువ మళ్లీ లెక్కించి పాలసీ పెంచండి. తరుగు తీసి ఇచ్చేది కాకుండా రీప్లేస్‌మెంట్ కాస్ట్ అడగండి. ఆదాయ నష్టానికి బిజినెస్ ఇన్‌కమ్ కవర్ విడిగా ఉండాలి, చాలా పాలసీల్లో అది 72 గంటల తర్వాతే మొదలవుతుంది. స్టోర్‌కు ఏమీ కాకుండా అధికారుల ఆదేశం మీద మూయాల్సి వస్తే సివిల్ అథారిటీ కవర్ ఇస్తుంది గానీ, సాధారణంగా మైలు లోపల ఏదో ఆస్తి దెబ్బతిని ఉండాలి, వట్టి కర్ఫ్యూకి ఇవ్వరు.

నెలకోసారి ప్రతి అరను, వెనక గదిని, సరుకు బిల్లులను వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టండి. కెమెరా రికార్డింగులుండే డీవీఆర్ కూడా స్టోర్‌లోనే కాలిపోతుందని మరవద్దు.

గొడవ వాతావరణం కనిపించిన రోజు

చీకటి పడకముందే మూసేయండి. నగదు, లాటరీ టికెట్లు, మనీ ఆర్డర్ ఫారాలు బయటికి తరలించండి. ఖాళీ రిజిస్టర్ డ్రాయర్ తెరిచి కనిపించేలా వదలండి, పగలగొట్టే పని ఉండదు. ఎమర్జెన్సీ స్విచ్ నొక్కి పంపులు ఆపి, ఇంధన సరఫరా కంపెనీకి చెప్పండి. కిటికీలకు ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముందే కొలతకు కోయించి, నంబర్లు వేసి ఉంచుకోండి, ఆ రోజు హోమ్ డిపోలో దొరకదు. చెక్క మీద లేనిపోని రాతలు వద్దు. మీది కాని "బ్లాక్ ఓన్డ్" అన్న మాట రాస్తే పేటలో అందరికీ తెలుస్తుంది. తుపాకీతో కాపలా ఉండవద్దు. 1992లో కొరియాటౌన్‌లో కాపలాకు వెళ్లిన 18 ఏళ్ల కొరియన్ కుర్రాడు సాటి కొరియన్ల తూటాకే చనిపోయాడు.

తర్వాత ఏమీ ఊడ్చకముందే ఫొటోలు తీయండి, పోలీసు రిపోర్టు నంబరు తీసుకోండి, అదే రోజు కంపెనీకి తెలియజేయండి. కంపెనీ ప్రూఫ్ ఆఫ్ లాస్ అడిగితే సాధారణంగా 60 రోజుల్లో సంతకం చేసి ఇవ్వాలి. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ) విపత్తు రుణాలు ప్రకటిస్తే క్లెయిము తేలేదాకా ఆగకుండా దరఖాస్తు పెట్టండి, బీమా డబ్బు వచ్చాక సర్దుతారు. భవనం మీదే అయితే ఇంకో గడువుంది: 60 రోజులు వరసగా ఖాళీగా ఉన్న భవనంలో ఎవరైనా మళ్లీ అద్దాలు పగలగొట్టినా, విధ్వంసం చేసినా చాలా పాలసీలు చెల్లించవు. మరమ్మతు జరుగుతున్న భవనాన్ని ఖాళీ కింద లెక్కించరు గనుక, ఆ గడువులోపే కాంట్రాక్టర్‌ను పెట్టి పని మొదలుపెట్టండి. తేదీతో ఉన్న ఇన్‌వాయిస్ దాచుకోండి.