స్వీడన్‌లో వైన్ కొనడం: సిస్టెమెట్‌లో డబ్బుకి తగ్గ సీసా దొరకాలంటే

స్వీడన్‌లో 3.5 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది ఏదైనా ఇంటికి కొనుక్కెళ్ళాలంటే దాదాపుగా ఒకటే దారి, సిస్టెమ్‌బొలాగెట్. ఇకా, విల్లీస్ లాంటి సూపర్‌మార్కెట్లలో కూరగాయలు కొంటూ చేత్తో ఒక వైన్ సీసా కూడా బుట్టలో వేసుకుందామంటే కుదరదు, అక్కడ ఉండేది పల్చటి బీరే. సిస్టెమ్‌బొలాగెట్ పూర్తిగా ప్రభుత్వానిది, దేశమంతటా నాలుగు వందలకి పైగా షాపులున్నాయి, అందరూ దాన్ని సిస్టెమెట్ అంటారు కాబట్టి ఇక నేనూ అలాగే రాస్తాను.

గవర్నమెంట్ షాపు అనగానే మనవాళ్ళకి ఒక భయం ఉంటుంది. ఆంధ్రాలో 2019 అక్టోబర్ నుంచి 2024 అక్టోబర్ దాకా మద్యం షాపులన్నీ ప్రభుత్వమే నడిపింది, అప్పుడు అడిగిన బ్రాండ్ దొరక్క ఎప్పుడూ పేరు వినని సీసాలు కొనాల్సి వచ్చిన సంగతి చాలామందికి గుర్తుంటుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు సిస్టెమెట్‌లోకి వెళ్ళి, అట్టడుగు షెల్ఫ్‌లో అన్నిటికంటే చవక సీసా ఒకటి తీసుకుని, ఇక్కడ అన్నీ ఇంతేనేమో అనుకుని వచ్చేస్తారు. ఇంతే కాదు, చాలా ఉంది. కొంచెం తెలుసుకుని కొంటే ఈ దేశంలో వైన్ విషయంలో మీ డబ్బుకి బాగానే విలువ దొరుకుతుంది.

ఇక్కడ షెల్ఫ్ మీదికి సీసా ఎలా వస్తుందో ముందు తెలియాలి. ఫలానా ప్రాంతం, ఫలానా ధర లోపల, ఇలాంటి రుచి ఉన్న వైన్ కావాలని సిస్టెమెట్ టెండర్ పిలుస్తుంది. ఇంపోర్టర్లు శాంపిళ్ళు పంపిస్తారు, వాటిని లేబుల్ కనపడకుండా రుచి చూసి ఎంచుకుంటారు. కంపెనీ ఎంత పెద్దదైనా అక్కడ పేరుకి మార్కులు పడవు. షాపులో పెట్టాక అమ్ముడుపోతే ఉంటుంది, పోకపోతే తీసేస్తారు. మామూలు సరుకులో కొత్తవి ఏటా మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో వస్తాయి. కొత్తగా టెండర్ గెలిచి వచ్చిన సీసా మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది, ఎందుకంటే అమ్మకాల బలం మీద కాకుండా రుచి బలం మీద లోపలికి వచ్చింది అదే.

ఇక అసలు విషయం, ధర. సిస్టెమెట్‌లో డిస్కౌంట్లు ఉండవు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ లాంటివి అసలే ఉండవు, ఉత్తరాన కిరునాలో ఎంతో దక్షిణాన మాల్మోలో అంతే. బేరం లేదు, పండగ ఆఫర్ లేదు, కాబట్టి చవగ్గా దొరికేదాకా ఆగుదాం అనుకోవడంలో లాభం లేదు. మీ చేతిలో ఉన్నది ఏ సీసా తీసుకోవాలన్న నిర్ణయం ఒక్కటే, ఆ నిర్ణయం సరిగ్గా ఉండాలంటే పన్ను ఎలా పడుతుందో తెలియాలి. వైన్ మీద ఆల్కహాల్ పన్ను లీటరుకి ఇంత అని వేస్తారు, ధర మీద కాదు. మామూలు 75 సెంటీలీటర్ల సీసాకి అది ఇరవై క్రోనర్ల పైచిలుకు, సీసా 80 క్రోనర్లదైనా 800దైనా అంతే. దాని పైన 25 శాతం మొమ్స్, అంటే మన జీఎస్టీ లాంటిది.

లెక్క వేసి చూడండి. 100 క్రోనర్ల సీసాలో మొమ్స్ 20 పోతుంది, ఆల్కహాల్ పన్ను ఇంకో 22 అనుకుందాం, మిగిలేది 58. ఆ 58లోనే సిస్టెమెట్ మార్జిన్, ఇంపోర్టర్ వాటా, రవాణా, గాజు సీసా, కార్కు, లేబుల్ అన్నీ రావాలి, అవన్నీ పోగా ద్రాక్ష పండించిన రైతుకీ వైన్ చేసినవాడికీ దక్కేది చాలా తక్కువ. అదే 200 క్రోనర్ల సీసా తీసుకుంటే మొమ్స్ 40, పన్ను అదే 22, మిగిలేది 138. ధర రెట్టింపైతే వైన్ వైపు వెళ్ళే డబ్బు రెట్టింపు కంటే బాగా ఎక్కువైంది. కాబట్టి నెలకి నాలుగు చవక సీసాలు కొనే బదులు రెండు కొనండి, ఒక్కోటీ 130 నుంచి 180 మధ్యలో కొనండి, ఖర్చు పెద్దగా పెరగదు, తాగేది మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఇంకా పైకి వెళ్తే, సిస్టెమెట్ వేసుకునే మార్జిన్‌కి బ్రాండ్‌తో సంబంధం లేదు కాబట్టి, ఖరీదైన షాంపేన్, బుర్గుండీ లాంటివి వేరే దేశాల షాపులతో పోలిస్తే ఇక్కడ తక్కువకే దొరికే సందర్భాలు ఉంటాయి. అది మనందరికీ పనికొచ్చే సంగతి కాదులెండి, కానీ పెళ్ళిరోజుకో ప్రమోషన్‌కో ఒక మంచి సీసా కొనాలనుకుంటే గుర్తుపెట్టుకోండి.

పన్నులో ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. శ్లాబులు ఆల్కహాల్ శాతాన్ని బట్టి మారతాయి. 8.5 శాతం దాటితే మామూలు శ్లాబు, అంతవరకూ అయితే ఒక మెట్టు కింద, 15 దాటితే లీటరు పన్ను దాదాపు రెట్టింపు. జర్మనీ మోజెల్ లోయ నుంచి వచ్చే రీస్లింగ్ కబినెట్ అనే తేలికపాటి వైట్ వైన్ చాలావరకు 8, 8.5 శాతమే ఉంటుంది, అంటే ఆ సీసాలో పన్ను వాటా తక్కువ. పైగా అది మన వంటకి బ్రహ్మాండంగా సరిపోయే వైన్. 15.5 ఉన్న బరువైన రెడ్ తీసుకున్నారా, ధరలో పెద్ద ముక్క పన్నుకే పోతుంది.

మన వంట అన్నాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను, ఎందుకంటే వైన్ గురించి ఇక్కడ దొరికే సలహాలన్నీ కాల్చిన మాంసానికీ చీజ్‌కీ రాసినవే. కారం ఎక్కువున్న కూరతో వగరెక్కువున్న, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ తాగితే నోట్లో మంట ఇంకా రేగుతుంది. కొంచెం తీపి ఉన్నది కారాన్ని అణుస్తుంది. చింతపండు చేపల పులుసుతో పులుపులేని వైన్ చప్పగా తేలిపోతుంది, దానికి కొంచెం తీపి కలిసిన రీస్లింగ్ గానీ, ఫ్రాన్స్ లువార్ ప్రాంతపు షెనిన్ బ్లాంక్ గానీ పెట్టండి. గోంగూర మాంసానికి రెడ్డే కావాలంటే ఇటలీ పియెమోంటె నుంచి వచ్చే బార్బెరా చూడండి, దాంట్లో పులుపు ఎక్కువ, వగరు తక్కువ, గోంగూర పులుపు ముందు నిలబడుతుంది. నాటుకోడి కూరకి గ్రెనాష్ ద్రాక్ష కలిసిన ఫ్రాన్స్ రోన్ ప్రాంతపు వైన్లు బాగుంటాయి. బోర్డో మీద మోజుతో కబర్నే సావిన్యాన్ అనే వగరు రెడ్ తీసుకెళ్ళి ఆవకాయ అన్నంతో తాగకండి, రెండూ పాడవుతాయి.

ఇవి ఎలా గుర్తుపట్టాలంటే సిస్టెమెట్ యాప్ పెట్టుకోండి. ప్రతి సీసా పేజీలో చిన్న చిన్న గుండ్రటి బొమ్మలు ఉంటాయి, ఎంత నిండితే ఆ గుణం అంత ఎక్కువన్నమాట. రెడ్‌కి మూడు చూడాలి: ఫిల్లిగ్‌హెట్ అంటే నోట్లో ఎంత బరువుగా ఉంటుందో, స్త్రావ్‌హెట్ అంటే వగరు, ఫ్రుక్ట్‌సీరా అంటే పులుపు. చక్కెర ఎంతుందో కూడా రాస్తారు. మన కారాలకి స్త్రావ్‌హెట్ బొమ్మ తక్కువ నిండి, ఫ్రుక్ట్‌సీరా బాగా నిండి ఉన్న రెడ్ వెతకండి. వైట్‌లో అయితే ద్రువిగ్ట్ ఓ బ్లుమ్మిగ్ట్, అంటే ద్రాక్ష, పూల వాసనలున్నవి, అనే విభాగం ఉంటుంది, రీస్లింగులు ఎక్కువగా అందులోనే ఉంటాయి. మీ దగ్గరి షాపులో ఎన్ని సీసాలున్నాయో, ఏ షెల్ఫ్‌లో ఉందో కూడా యాప్ చెబుతుంది.

అయితే యాప్ కంటే ఎక్కువ పనికొచ్చేది షాపులో ఉండే మనిషి. వాళ్ళకి వైన్ శిక్షణ ఉంటుంది, ఎక్కువ అమ్మితే కమిషన్ ఉండదు, కాబట్టి ఖరీదైనది అంటగట్టరు. మొహమాటపడకుండా ఇంగ్లీషులోనే అడగండి. "మంచి రెడ్ వైన్ ఇవ్వండి" అంటే వాళ్ళకీ ఏమీ తోచదు. వంట ఏంటో, కారం ఎంతో, పులుపు దేంతో వస్తుందో, ఎంతలో కావాలో చెప్పండి. "మటన్ కూర, చాలా కారం, పుల్లటి ఆకుకూర వేశాం, 150 లోపల" అని చెప్పి చూడండి, వాళ్ళు ఉత్సాహంగా రెండు మూడు షెల్ఫ్‌ల దగ్గరికి తీసుకెళ్తారు. మీ రేటు తక్కువైనా చిన్నచూపు చూడరు.

షెల్ఫ్ మీద కనిపించేదే మొత్తం సరుకు అనుకోకండి. తిల్‌ఫాల్లిగ్ట్ అనే తాత్కాలిక సరుకు తక్కువ సీసాలతో వచ్చి అయిపోతుంది, విడుదల తేదీలు ముందే ప్రకటిస్తారు, మంచివి ఆ రోజే ఖాళీ అవుతాయి. దానికంటే పెద్దది బెస్తాల్నింగ్స్ సరుకు, అంటే షాపులో ఉండదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే కొన్నాళ్ళకి మీ దగ్గరి షాపుకి వస్తుంది, తెచ్చినందుకు అదనంగా తీసుకోరు. చిన్న చిన్న తోటల వైన్లు, పోర్చుగల్ దావు, స్పెయిన్ హుమియా లాంటి పేరు మోయని ప్రాంతాల మంచి సీసాలు ఎక్కువగా ఇందులోనే దాక్కుని ఉంటాయి. పేరున్న ప్రాంతపు చవక సీసా కంటే పేరులేని ప్రాంతపు మంచి సీసా ఎప్పుడూ మేలు, అదే డబ్బుకి షాంపేన్ పక్కన క్రెమాన్, అంటే ఫ్రాన్స్‌లోనే వేరే ప్రాంతాల్లో చేసే నురగ వైన్, పెట్టి చూడండి తెలుస్తుంది.

వీటిలో ఏది మంచిదో ఎవరు చెబుతారంటే, స్వీడిష్ పత్రికల్లో కొత్త వైన్ల మీద సమీక్షలు వస్తాయి. 1958లో మొదలైన మున్‌షెంకర్నా అనే వైన్ రుచి చూసేవాళ్ళ సంఘం కూడా ఉంది, ఊరూరా శాఖలున్నాయి, వాళ్ళు కొత్త విడుదలలకి మార్కులు వేస్తారు. సమీక్షలో ఫిండ్ అని కనపడితే ఆ ధరకి అది దొరకడమే గొప్ప అని, ప్రీస్‌వార్ట్ అంటే ధరకి తగ్గట్టుందని. మార్కుల కంటే ఈ మాటల్నే నమ్ముకోండి.

మూడు లీటర్ల డబ్బా వైన్ గురించి అందరూ అడుగుతారు. ఈ దేశంలో అమ్ముడయ్యే వైన్‌లో దాదాపు సగం డబ్బాలోనే పోతుంది, దాన్ని తక్కువగా చూడక్కర్లేదు. నలుగురైదుగురు వచ్చే విందుకి సరిపోతుంది, తెరిచాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. కానీ డబ్బా మీద ప్యాక్ చేసిన తేదీ చూసి కొత్తదే తీసుకోండి, ఏడాది పాతదైతే వదిలేయండి. ఒంటరిగా ఉండేవాళ్ళకి మాత్రం నా సలహా డబ్బా వద్దని, చేతికి అందుబాటులో ఉంటే ఎంత తాగుతున్నారో లెక్క తెలియదు.

సీసా తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన వచ్చి, పండు రుచి ఏమీ తెలియకపోతే అది కార్కు వల్ల చెడిన వైన్. మీకు తెలియక కాదు, నిజంగానే చెడిపోయింది. పారబోయకండి. మిగిలిన వైన్‌తోనే మూత బిగించి, రసీదుతో షాపుకి తీసుకెళ్తే డబ్బు తిరిగి ఇస్తారు. మనవాళ్ళు సిగ్గుపడి వదిలేస్తుంటారు, అది మీ హక్కు.

వేరే దారులు కొన్ని ఉన్నాయి. ఈయూ దేశాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చని 2007లో యూరోపియన్ కోర్టు రోసెన్‌గ్రెన్ కేసులో తేల్చింది, కానీ స్వీడిష్ పన్ను కట్టాలి, అది కట్టకుండా తక్కువకి పంపుతామనేవాళ్ళ జోలికి పోకండి. జర్మనీలో మామూలు వైన్ మీద ఆల్కహాల్ పన్నే లేదు కాబట్టి కారులో వెళ్ళి సొంత వాడకానికి తెచ్చుకునేవాళ్ళు చాలామంది, మాల్మో, లుండ్ వైపు ఉన్నవాళ్ళకి అది ఒక రోజు పని, స్టాక్‌హోమ్ నుంచి పెట్రోలుకే సరిపోదు. 2025 జూన్ 1 నుంచి స్వీడన్ ద్రాక్షతోటల్లోనే, తోట చూపించి వైన్ గురించి చెప్పాక, కొద్దిగా అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకుంది. దక్షిణాన ఉన్న స్కోనె వైపు వేసవిలో వెళ్తే సొలారిస్ ద్రాక్షతో చేసిన వైట్ రుచి చూడండి, చవకేం కాదు. ఇండియా నుంచి వస్తూ తెచ్చుకోవాలంటే మీకు 20 ఏళ్ళు నిండి ఉండాలి, పన్ను లేకుండా తెచ్చుకోగలిగేది విస్కీ లాంటి ఘాటు మద్యం ఒక లీటరు, దాంతో పాటు నాలుగు లీటర్ల వైన్.

ఈ కట్టుబాట్ల మీద విసుక్కునే ముందు ఒక సంగతి. 1922లో ఇక్కడ మద్యనిషేధం మీద రెఫరెండం పెడితే 51 శాతం వద్దన్నారు కాబట్టి తప్పింది. 1955 దాకా మూట్‌బూక్ అనే పుస్తకం ఉన్నవాళ్ళకే రేషన్ మీద సారాయి అమ్మేవాళ్ళు, అది రద్దు చేసినప్పుడే ఇప్పటి సిస్టెమ్‌బొలాగెట్ వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం గురించి విన్న మనకి ఇక్కడివాళ్ళ భయం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కౌంటర్ దగ్గర ఐడీ అడిగితే నొచ్చుకోకండి, 25 లోపులా కనిపిస్తే అడగడం వాళ్ళ పద్ధతి, స్వీడిష్ ఐడీ కార్డు వచ్చేదాకా పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి. 20 నిండని స్నేహితుడికి కొనిపెట్టడం నేరం. బండి నడిపేవాళ్ళకి పరిమితి రక్తంలో 0.2 ప్రొమిల్, అంటే వెయ్యికి 0.2 వంతు ఆల్కహాల్ మాత్రమే, రాత్రి తాగితే పొద్దున్న కూడా దొరికిపోవచ్చు, కాబట్టి విందుకి మెట్రోలోనో బస్సులోనో వెళ్ళండి.

చివరగా టైమింగ్స్. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరు, ఏడు దాకా, కొన్నిచోట్ల ఎనిమిది దాకా ఉంటుంది, శనివారం మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, ఆదివారం తెరవరు. క్రిస్మస్ ముందు రోజు, డిసెంబర్ 31, జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగ ముందు రోజు కూడా సెలవే. న్యూ ఇయర్ పార్టీకి 31 సాయంత్రం కొనుక్కుందాం అనుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. మిడ్‌సమ్మర్‌కి శుక్రవారం సెలవు కాబట్టి గురువారం క్యూ రోడ్డు మీదికి వస్తుంది, మంగళవారమో బుధవారమో వెళ్ళండి, అప్పుడైతే షాపువాళ్ళకి మీతో తీరిగ్గా మాట్లాడే టైమ్ కూడా ఉంటుంది.